డ్రైవర్‌దే తప్పు అనే పాత పాఠం

ప్రొడక్షన్‌లో సిస్టమ్ పడిపోతే "యూజర్ ఏదో తప్పు నొక్కాడండీ" అని చేతులు దులుపుకునే ప్రోగ్రామర్‌ని మనం ఎంతసేపు భరిస్తాం? ఒక్క తప్పు నొక్కుడుకి కూలిపోయే సిస్టమ్ రాసిందెవరయ్యా అని అడుగుతాం. రోడ్ల విషయంలో ఇదే ప్రశ్న గట్టిగా అడగడానికి దశాబ్దాలు పట్టింది.

1920లలో అమెరికాలో కార్లు పెరిగి, రోడ్ల మీద చావులూ పెరిగినప్పుడు కనిపెట్టిన మంత్రం మూడు 'ఈ'లు: ఇంజనీరింగ్, ఎడ్యుకేషన్, ఎన్‌ఫోర్స్‌మెంట్. ఇంజనీరింగ్ పేరుకి ముందున్నా, పాఠాలన్నీ డ్రైవర్లకీ, రోడ్డు దాటే పిల్లలకీ. ప్రమాదమంటే ఎవడో ఒకడి నిర్లక్ష్యం, అంతే.

1966లో ఒక్క అమెరికాలోనే 50 వేలమందికి పైగా రోడ్ల మీద పోయారు. ఆ ఏడాదే రోడ్డు భద్రత చట్టాలొచ్చాయి. వాటితో పుట్టిన ప్రభుత్వ సంస్థకి మొదటి అధిపతి విలియం హాడన్. ఈయన పోలీసూ కాదు, రోడ్ల ఇంజనీరూ కాదు, ప్రజారోగ్యంలో పనిచేసిన డాక్టరు. మలేరియాకి దోమనీ, నీటి గుంటనీ చూసినట్టే ప్రమాదాన్నీ చూశాడు. ఒక పట్టిక గీశాడు: ప్రమాదానికి ముందు, ఆ క్షణంలో, తర్వాత అని మూడు వరసలు, మనిషి, వాహనం, పరిసరం అని మూడు నిలువు గళ్ళు. మొత్తం 9 గళ్ళు. డ్రైవర్ చేసిన పొరపాటు అందులో ఒకే ఒక్క గడి! మిగతా వాటిలో సీటు బెల్టు, రోడ్డు పక్క స్తంభం, అంబులెన్సు వగైరా.

దీన్ని చివరిదాకా తీసుకెళ్ళింది స్వీడన్. 1997 అక్టోబరులో అక్కడి పార్లమెంటు 'విజన్ జీరో'ని ఆమోదించింది. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా చూడాల్సింది రోడ్డు కట్టినవాళ్ళు అని దాని సారాంశం. వెడల్పాటి రెండు లేన్ల రోడ్లని మూడు లేన్లుగా మార్చి, మధ్యలో ఉక్కు తాళ్ళ కంచె వేశారు. ఎదురెదురుగా గుద్దుకోవడం చాలా తగ్గింది. 1997లో 541గా ఉన్న రోడ్డు మరణాలు 2020లో 204కి దిగాయి.

అంటే క్లాసు ముందు ఇంజనీర్లకే కావాలన్నమాట. అమెరికాలో 1970లో నేషనల్ హైవే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 2010లో వచ్చిన హైవే సేఫ్టీ మాన్యువల్, ఫలానా మలుపు దగ్గర ఎన్ని ప్రమాదాలు జరగొచ్చో డిజైన్ దశలోనే లెక్కవేయడం నేర్పింది. ఇప్పుడా పాఠాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. చిన్న ఊరి ఇంజనీరు కూడా కూర్చున్నచోటే నేర్చుకోవచ్చు, మంచిదే.

మన దేశంలో 2022లో 1.68 లక్షలమంది రోడ్ల మీద చనిపోయారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. ప్రమాణాలు పాటించని రోడ్డు వల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకి, కన్సల్టెంటుకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కాబట్టి ట్రైనింగుకి గిరాకీ ఉండాలి.

నా భయమల్లా ఒకటే. మన ఆఫీసుల్లో ఏటా చేసే కంప్లయన్స్ ట్రైనింగుల సంగతి తెలిసిందే కదా! నెక్స్ట్, నెక్స్ట్, పది ప్రశ్నలు, సర్టిఫికెట్టు. ఇదీ అలాగైతే దండగ. ప్రతి ఇంజనీరూ తను కట్టిన రోడ్డు మీద ఒక కూడలి ఎంచుకుని, అక్కడి ప్రమాదాల రికార్డుతో ఆ 9 గళ్ళూ నింపాలి. అప్పుడే పాసు. లాగ్స్ చూపించకుండా డీబగ్గింగ్ నేర్పడం ఎవరి తరమూ కాదు.