కేసును ఎవరు కదిలించగలరు? సివిల్ దావాల బదిలీ అధికారం: ఎల్బీనగర్ నుంచి ఒక పరిశీలన

మలక్‌పేట నుంచి విజయవాడ రోడ్డు మీద తూర్పుగా వెళితే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ వరుసగా వస్తాయి. బస్సులో కూర్చున్నవారికి ఎక్కడా సరిహద్దు కనిపించదు. కోర్టుల లెక్కలో మాత్రం ఒక సరిహద్దు ఉంది. మలక్‌పేట, సైదాబాద్ హైదరాబాద్ జిల్లాలోవి; అక్కడి ఆస్తి తగాదాలు సిటీ సివిల్ కోర్టుకు వెళతాయి. గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోవి. అక్కడివి ఎల్బీనగర్‌లోని జిల్లా కోర్టుల సముదాయానికి వస్తాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు పడిన గీత ఇది. 2007లో గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిసిపోయాయి గాని కోర్టుల పరిధులు కలవలేదు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక తండ్రి మలక్‌పేటలో ఇల్లు, సరూర్‌నగర్‌లో ప్లాటు వదిలి చనిపోయాడు. ఒకే వీలునామా. ఇంటి కోసం అన్న సిటీ సివిల్ కోర్టులో దావా వేశాడు. ప్లాటు కోసం తమ్ముడు ఎల్బీనగర్‌లో వేశాడు. సాక్షులు వాళ్లే, సంతకం మీద వివాదం అదే. ఒక కోర్టు వీలునామా చెల్లుతుందని, మరొకటి చెల్లదని తీర్పు చెబితే ఆ కుటుంబం గతి ఏమిటి? రెండు దావాలనూ ఒకచోటికి చేర్చాలి. రంగారెడ్డి జిల్లా జడ్జి తన కింది కోర్టుల మధ్య కేసులను మార్చగలరు గాని, హైదరాబాద్ కేసును తెప్పించుకోలేరు. సిటీ సివిల్ కోర్టు చీఫ్ జడ్జికీ అదే పరిమితి. ఇద్దరి మీదా అధికారం ఉన్నది హైకోర్టుకే.

ఆ అధికారం 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24లో ఉంది. దీన్ని సెక్షన్ 22తో పోల్చి చూడండి. ఒకటి కంటే ఎక్కువ కోర్టుల్లో వేయదగిన దావాను వేరే కోర్టుకు మార్చమని ప్రతివాది అడగడానికి సెక్షన్ 22 వీలిస్తుంది. అయితే అవతలి పక్షానికి నోటీసు ఇచ్చి, ఇష్యూలు ఖరారయ్యేలోపే అడగాలి. సెక్షన్ 24కు ఆ గడువు లేదు. కేసు ఏ దశలో ఉన్నా, ఎవరూ అడగకపోయినా, హైకోర్టు గాని జిల్లా కోర్టు గాని తనంతట తానే బదిలీ చేయవచ్చు. ఇంత విశాలమైన అధికారం కాబట్టే కోర్టులు దీన్ని పొదుపుగా వాడతాయి. కోర్టును ఎంచుకునే హక్కు మొదట వాదిదే. వాయిదాకు వెళ్లిరావడం కాస్త ఇబ్బంది అన్నంత మాత్రాన దాన్ని తీసేయరు.

ఈ నిబంధన 1908లో పుట్టినది కాదు. 1877 కోడ్‌లోని సెక్షన్ 25 దీనికి పూర్వరూపం. దాని మీద 1886లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన లెడ్గార్డ్ వర్సెస్ బుల్ తీర్పు చాలాకాలం కక్షిదారులను చిక్కుల్లో పెట్టింది. విచారణ పరిధే లేని కోర్టులో వేసిన దావాను పైకోర్టు బదిలీ చేయజాలదని ఆ తీర్పు సారాంశం. తర్కం సరైనదే. ఫలితం మాత్రం కఠినం: పొరపాటున గీతకు అవతల దావా వేసినవారికి బదిలీ దారి మూసుకుపోయింది.

నిజాం రాజ్యంలో బ్రిటిష్ ఇండియా కోడ్ చెల్లేది కాదు. హైదరాబాద్‌కు సొంత సివిల్ ప్రొసీజర్ చట్టం, 1920లో మూసీ ఒడ్డున కట్టిన సొంత హైకోర్టు భవనం ఉండేవి. 1951 ఏప్రిల్ 1 నుంచి 1908 కోడ్ ఇక్కడికీ వచ్చింది.

అసలు మలుపు 1976 సవరణ చట్టం. 1977 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సవరణ రెండు పనులు చేసింది. సెక్షన్ 24కు ఐదో ఉపవిభాగం చేర్చి, పరిధి లేని కోర్టు నుంచి కూడా దావాను బదిలీ చేయవచ్చని చెప్పింది. తొంభై ఏళ్ల నాటి అడ్డంకి అలా తొలగింది. రెండోది, సెక్షన్ 25ను పూర్తిగా తిరగరాసింది. పాత సెక్షన్ విచిత్రమైనది: ఒకే జడ్జి కూర్చున్న హైకోర్టులో ఆ జడ్జి మీద అభ్యంతరం వస్తే, దావాను వేరే హైకోర్టుకు పంపే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉండేది. కొత్త సెక్షన్ ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కేసులను మార్చే అధికారాన్ని సుప్రీంకోర్టుకు ఇచ్చింది.

దీన్ని ఎక్కువగా వాడుకున్నవారిలో భర్తల నుంచి విడిగా ఉంటున్న స్త్రీలు ఉన్నారు. 1981లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు మన ఏలూరుది. కోర్టు ఫీజు కట్టలేని స్థితిలో భార్య మనోవర్తి కోసం ఏలూరు సబ్‌కోర్టుకు వెళ్లింది. భర్త రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో విడాకుల కేసు వేశాడు. హిందూ వివాహ చట్టంలో బదిలీకి ప్రత్యేక నిబంధన ఉంది కాబట్టి సెక్షన్ 25 వర్తించదన్న వాదనను కోర్టు తోసిపుచ్చి, ఉదయ్‌పూర్ కేసును ఏలూరుకు పంపింది. 2017 మార్చిలో జబల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు బదిలీ కోరిన మరో భార్య పిటిషన్‌లో ఇద్దరు జడ్జీల ధర్మాసనం వేరే దారి సూచించింది: కేసును కదిలించే బదులు వీడియో కాన్ఫరెన్స్ వాడవచ్చని. అదే ఏడాది అక్టోబరులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం 2:1 మెజారిటీతో దాన్ని పక్కన పెట్టింది. రాజీ ప్రయత్నం విఫలమయ్యాక, ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే వీడియో విచారణ అంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం, గోప్యత తెరమీద దొరకవన్నది మెజారిటీ ఆలోచన. నాకు ఇది సబబుగానే తోస్తుంది, ప్రయాణ ఖర్చు చిన్న విషయం కాకపోయినా.

ఇక తెలుగు రాష్ట్రాల విభజన. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి గాని, 2018 చివరి వరకు హైకోర్టు ఒక్కటే. ఉమ్మడి హైకోర్టు తన కింది రెండు రాష్ట్రాల కోర్టుల మధ్య సెక్షన్ 24 కిందే కేసులు మార్చవచ్చని గువాహటి హైకోర్టుకు సంబంధించిన నాగాలాండ్ కేసులో సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా పనిచేయడం మొదలుపెట్టడంతో ఇక్కడ ఆ వీలు పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టింటికి చేరిన స్త్రీపై భర్త విజయవాడలో కేసు వేస్తే, అంతకుముందు ఆమె మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకు వెళ్లేది. ఇప్పుడు సెక్షన్ 25 కింద అఫిడవిట్‌తో ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. అది పసలేనిదని తేలితే అవతలి పక్షానికి రెండు వేల రూపాయల దాకా పరిహారం కట్టవలసి రావచ్చు. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లే రోడ్డు మాత్రం ఇప్పటికీ విజయవాడకే పోతుంది.