రికార్డు పాట - నాణ్యత ప్రశ్న

"పాత రికార్డులో వున్న మాధుర్యం ఇవాళ్టి పాటలో ఎక్కడుంది?" అనే మాట రచయితల మధ్య కూడా తరచు వినబడుతుంది. ఈ మాటలో రెండు వాదనలు కలగలిసి వున్నాయి. ఒకటి పాటను గురించినది, రెండవది పాటను పట్టుకునే యంత్రాన్ని గురించినది. మొదటిది విమర్శకులు తేల్చవలసిన విషయం. రెండవది కొలిచి చెప్పగలిగినది. ఈ రెంటినీ విడదీయకపోతే గతం మీది మమకారమే చరిత్రగా చెలామణి అవుతుంది. అందుకే నేనిక్కడ రెండవదానికే పరిమితమవుతాను.

అసలు 'అనలాగ్ కాలం' అనే ముద్ద ఒకటి లేదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు మైక్రోఫోను లేదు. గాయని ఒక పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడాలి. ఆ గొంతు బలమే పొరను కదిలించి మైనం మీద గాడి గీసేది. మెల్లగా మోగే వాద్యం పట్టుబడేది కాదు. రికార్డుకు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలు. గంటసేపు సాగే రాగమైనా ఆ కొలతకు కుదించుకోవాలి. మన నాటక పద్యాలూ ఆ కొలతలోనే రికార్డులకెక్కాయి. ఆ రికార్డుకు ప్రాణం లక్క. అందులో అధిక భాగం మన దేశపు అడవుల్లో, ఆదివాసులు కొమ్మల మీద నుంచి గీకి తీసినది. లక్కలో కలిపిన రాతిపొడి ముల్లును అరగదీస్తూ గరగరమనేది.

1925లో విద్యుత్ మైక్రోఫోను వచ్చింది. 1930లలో జర్మనీలో అయస్కాంత టేపు వచ్చింది. 1948లో వినైల్‌తో లాంగ్ ప్లే రికార్డు, 1950ల చివర స్టీరియో వచ్చాయి. ప్రతిదీ వెనకటిదానికంటే మెరుగే. ఇవాళ మెచ్చుకుంటున్న అనలాగ్ ధ్వని నిజానికి ఈ మెరుగుదలల చివరి దశ మాత్రమే. అప్పటికీ లోపాలు పోలేదు. రికార్డు మధ్యకు వచ్చేకొద్దీ ముల్లు కింద గాడి నడిచే వేగం తగ్గి, పైస్థాయి ధ్వనులు చెడేవి. విన్న ప్రతిసారీ గాడి అరిగేది. టేపు నుంచి టేపుకు ఎక్కించిన ప్రతిసారీ రొద పెరిగేది.

1982లో కాంపాక్ట్ డిస్క్ మార్కెట్లోకి వచ్చింది. అది ధ్వని తరంగాన్ని క్షణానికి 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 65,536 మెట్లుంటాయి. "కొలతకూ కొలతకూ మధ్య సంగీతం జారిపోదా?" అని అడుగుతారు. జారిపోదు. ఒక తరంగంలో వున్న అత్యధిక కంపన సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే, ఆ తరంగాన్ని సంపూర్ణంగా తిరిగి నిర్మించవచ్చునని 1928లో నైక్విస్ట్ వేసిన పునాది మీద 1949లో షానన్ నిరూపించాడు. మనిషి చెవి గరిష్ఠంగా 20,000 కంపనాల దాకా వింటుంది. ఇక సన్నటి ధ్వనికీ బిగ్గర ధ్వనికీ మధ్య వ్యాప్తి లాంగ్ ప్లే రికార్డులో సుమారు 70 డెసిబెల్స్ అయితే, డిస్కులో 96. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ సంస్థ రికార్డులను అనలాగ్ ధ్వని కోసమే ఎక్కువ ధర పెట్టి కొనేవారు. వాటి తయారీలో 2011 నుంచీ డిజిటల్ ప్రతులు వాడుతున్నట్టు 2022లో బయటపడింది. అన్నేళ్ళూ వాటి అనలాగ్ మాధుర్యాన్ని పొగిడిన వాళ్ళున్నారు.

మరి ఫిర్యాదంతా భ్రమేనా? కాదు. దానికి వాస్తవమైన ఆధారం వుంది, ఐతే అది యంత్రంలో లేదు. 1990ల నుంచి కంపెనీలు తమ పాట పక్క పాటకంటే బిగ్గరగా వినపడాలని పోటీపడ్డాయి. అందుకోసం సన్నటి ధ్వనిని పైకెత్తి, ఎత్తయినదాన్ని నొక్కి, అంతా ఒకే మట్టానికి తెచ్చారు. 96 డెసిబెల్స్ పట్టే డిస్కులో కొద్ది డెసిబెల్స్ మాత్రమే వాడారు. 2008లో మెటాలికా బృందం ఆల్బం 'డెత్ మాగ్నెటిక్' ఇంత మోతగా వచ్చిందని శ్రోతలే సంతకాలు సేకరించారు. అవే పాటలు ఒక వీడియో గేములో హెచ్చుతగ్గులతో, హాయిగా వినబడ్డాయి. డిస్కూ డిజిటలే, గేమూ డిజిటలే. తేడా తెచ్చింది నిర్ణయం.

ఎంపీత్రీ కథా అంతే. డిస్కులో క్షణానికి 1,411 కిలోబిట్లుంటే, అది 128తో సరిపెట్టింది. ఆనాటి నెమ్మది తీగలకూ చిన్న జ్ఞాపకశక్తికీ అది అవసరం. ఆ అవసరం తీరాక కూడా అలవాటు మిగిలింది.

మన చరిత్రలో దీనికి రెండో ముఖం కూడా వుంది. 1963లో ఫిలిప్స్ తెచ్చిన కాసెట్టు ధ్వనిలో లాంగ్ ప్లే రికార్డుకంటే తక్కువది. కాని రికార్డు నొక్కడానికి ఫ్యాక్టరీ కావాలి, కాసెట్టు కాపీకి రెండు టేపురికార్డర్లు చాలు. 1980లలో ఈ దేశపు రికార్డు వ్యాపారంలో ఒకే కంపెనీ ఆధిపత్యం దానివల్లనే కూలింది. జననాట్యమండలి పాట, గద్దర్ గొంతు చేతులు మారుతూ ఊళ్ళు చేరింది కాసెట్టు మీదనే. కాపీకి కాపీకి ధ్వని తరిగింది, వినేవాళ్ళు పెరిగారు. చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండు వాక్యాలనూ రాయాలి.

కాబట్టి ధ్వనిముద్రణ మెరుగుపడిందా అంటే, నిస్సందేహంగా మెరుగుపడింది. శ్రోత చేతికి వచ్చినది ఎప్పుడూ మెరుగుపడలేదు. సాంకేతికత కళను చెడగొట్టిందనే వాదన ఎదురైనప్పుడు, దాన్ని ఎవరు, ఎందుకోసం అలా వాడారని అడగాలి.

సాహిత్య విద్యార్థులకు ఇందులో ఒక పని కూడా వుంది. తాళపత్ర ప్రతుల పాఠాంతరాలను సరిచూడకుండా కావ్యాన్ని పరిష్కరించము. పాత పాట మీద వ్యాసం రాసేటప్పుడు మాత్రం, విన్నది మొదటి రికార్డా, కాసెట్టు కాపీయా, మోత పెంచి మళ్ళీ అమ్మిన ప్రతా అని చూసుకోము. పాటకు కూడా ప్రతులుంటాయి. ఏ ప్రతి విన్నామో ముందు రాసి, ఆ తర్వాత తీర్పు చెప్పాలి.