ఎనిమిది ఓం

స్పీకరు పెట్టెను ముందు నుంచి చూసేవాడు శ్రోత. వెనక్కి తిప్పి చూసేవాడు మాటల పిచ్చివాడైనా కావాలి, ఒకసారి యాంప్లిఫయరు కాల్చుకున్నవాడైనా కావాలి. వెనక ఒక ఎర్ర మర, ఒక నల్ల మర, పక్కన చిన్న రేకు. రేకు మీద 8 అంకె, దాని పక్కన గ్రీకు ఒమేగా. ఈ రెంటినీ కలిపి మనవాళ్లు ‘ఎనిమిది ఓం’ అని చదువుతారు. పక్కగదిలో ఉన్న బామ్మ ఆ మాట వింటే మనవడు అష్టాక్షరి పట్టాడనుకుని మురిసిపోగలదు.

బామ్మను తప్పుపట్టలేం. తెలుగు లిపిలో ఆ ఓంకీ ఈ ఓంకీ రాత ఒక్కటే. పలక మీద ‘ఓం నమః’ అని దిద్దించడం వల్లే అక్షరాలకు ఓనమాలనే పేరు వచ్చింది. ఆ పిల్లవాడే పెద్ద తరగతికి వచ్చాక భౌతికశాస్త్రంలో ‘ఐదు ఓంల నిరోధం’ చూస్తాడు. ప్రణవానికి బహువచనం ఉంటుందని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు.

రెంటికీ చుట్టరికం లేదు. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను కాస్త వంకర తిప్పి పలుకుతారు గానీ జర్మన్లు అచ్చంగా మనలాగే ‘ఓమ్’ అంటారు. మాట వాళ్లదే మరి. గేయోర్గ్ జీమోన్ ఓం 1789లో ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. తీగ గుండా పారే కరెంటుకీ దాన్ని తోసే వోల్టేజికీ ఉన్న లెక్కను కొడుకు 1827లో పుస్తకంగా అచ్చువేశాడు. 1843లో చెవి మీద పడ్డాడు: ఏ సంకీర్ణ నాదాన్నైనా చెవి విడి విడి శుద్ధ స్వరాలుగా విడదీసి వింటుందన్నాడు. దానికీ ఓం నియమమనే పేరు. స్పీకరు రేకు మీద పేరుకెక్కడానికి ఇంతకంటే అర్హుడు దొరకడు.

ఇక ఇంటిపేరు. పాత జర్మన్‌లో ఓహైం, ఓం అంటే తల్లి తోబుట్టువు, అంటే మన మేనమామ. ఆ ఇంటిపేరు అక్కడినుంచే వచ్చిందని చెబుతారు. పెళ్లిలో మేనకోడలిని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చే మేనమామకు మన వైపు ఎంత పలుకుబడి ఉందో చెప్పనక్కరలేదు. మేనరికం కాదని బయటి సంబంధం చూస్తే మొదటి అడ్డు ఆయన దగ్గరే తగులుతుంది. అడ్డును కొలిచే ప్రమాణానికి మేనమామ పేరు దొరకడం కాకతాళీయమే గానీ, ఉత్తరాంధ్రవాడికి అందులో వింతేమీ కనబడదు.

ఓంను ప్రమాణంగా కూర్చోబెట్టింది సంగీత ప్రియులు కారు, టెలిగ్రాఫు ఇంజనీర్లు. సముద్రం అడుగున వేసిన కేబుల్ ఎక్కడ తెగిందో ఒడ్డున కూర్చుని చెప్పాలంటే తీగ నిరోధాన్ని కొలవాలి. కొలవడానికి అందరికీ ఒకే మానిక కావాలి. 1861లో లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ అనే ఇద్దరు కేబుల్ ఇంజనీర్లు విద్యుత్ ప్రమాణాలకు శాస్త్రవేత్తల పేర్లు పెడదామన్నారు. తమాషా ఏమిటంటే వాళ్ల జాబితాలో ‘ఓమా’ విద్యుచ్చాలక బలానికి, ‘వోల్టు’ నిరోధానికి. ఉయ్యాలలో పిల్లలు మారిపోయారు. 1881లో ప్యారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభ నాటికి ఎవరి పేరు వారికి చేరింది.

గుర్తుగా రోమన్ ఓ రాస్తే సున్నా అనుకుని 8ని 80గా చదివే ప్రమాదం ఉంది. అందుకని 1867లో విలియం ప్రీస్ ఒమేగాను సూచించాడు. ఒమేగా అంటే గ్రీకులో ‘పెద్ద ఓ’, వాళ్ల అక్షరమాలలో చిట్టచివరిది. మనకు చదువు మొదలయ్యే చోట ఓం, గ్రీకులకు ఓనమాలు ముగిసే చోట ఓ.

నిరోధానికి విలోమం వాహకత్వం. దాని ప్రమాణానికి లార్డ్ కెల్విన్ 1883లో ఓం స్పెల్లింగును తిరగేసి ‘మో’ అని పేరు పెట్టాడు, గుర్తుగా ఒమేగాను తలకిందులు చేశారు. ‘మరా మరా’ అంటూ రాముణ్ణి చేరిన బోయవాడి కథ విన్న మనకు ఇది కొత్త విద్య కాదు. తర్వాత మోను తీసేసి సీమెన్స్ అనే మరో జర్మన్ పేరు పెట్టారు. హాస్యానికి ప్రామాణిక సంఘాల్లో ఆయుష్షు తక్కువ.

ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల మాటకు వద్దాం. నేరుగా పారే కరెంటుకు ఎదురయ్యేది నిరోధం. పాటలా అటూ ఇటూ ఊగే కరెంటుకు తీగచుట్టలూ కెపాసిటర్లూ కూడా కలిసి కలిగించే అడ్డు అవరోధం. రెంటిలోనూ ధాతువు ‘రుధ్’, అడ్డగించడం. నిరోధం పాత మాట. పతంజలి యోగానికి నిర్వచనం చెప్పింది దానితోనే. బుద్ధుడి నాలుగు సత్యాల్లో మూడోది దుఃఖ నిరోధం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార గట్టున, కళింగపట్నానికి దగ్గర్లో శాలిహుండం కొండ ఉంది. అక్కడి స్తూపాల మధ్య భిక్షువులు ఈ మాటను ఎన్ని వేల సార్లు ఉచ్చరించి ఉంటారో! ఆ కొండను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి గారు. వాడుక మాటకు కాపుకాసిన మనిషికి భూమిలోంచి కూడా మాటలే దొరికాయి.

అంత గంభీరమైన మాటను 1968లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ తొడుగుకు పేరుగా పెట్టింది. ఆ తర్వాత తెలుగు మాధ్యమంలో ‘నిరోధం’ పాఠం చెప్పిన మేష్టర్ల కష్టం పగవాడికి కూడా వద్దు.

అడ్డుపెట్టే రోధం వేరు, ఏడ్చే రోదనం వేరు. మొదటిది రుధ్, రెండోది రుద్. ఒక్క ఒత్తు తేడా. అచ్చులో ఇవి తరచూ తారుమారవుతాయి. శ్రీకాకుళం వైపు మైకుసెట్టు వాళ్లకు ఒత్తుల బాధ లేదు: ‘ఓం దిగిపోనాదంటే యాంప్లీ ఏడుత్తాది బావూ’ అంటారు. రోధం తగ్గితే రోదనం మొదలవుతుందని ఇంతకంటే పొదుపుగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. యాంప్లిఫయరు వాళ్ల నోట ‘యాంప్లీఫైరు’ అయింది. లాటిన్ ఆంప్లుస్, అంటే విశాలం, అందులో మాయమై నిప్పు వచ్చి చేరింది. ఎనిమిది ఓంల పెట్టెలు రెండు పక్కపక్కనే పార్లల్‌లో తగిలిస్తే నాలుగు ఓం. మరో రెండు తగిలిస్తే రెండు. అడ్డు తగ్గినకొద్దీ కరెంటు పెరుగుతుంది, ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి, చివరికి ఫైరు నిజమవుతుంది. అవే నాలుగు పెట్టెలను రెండేసి సిరీసులో కట్టి, ఆ రెండు జతలనూ పార్లల్‌లో పెడితే మళ్లీ ఎనిమిదే.

ఇంగ్లీషులో అవరోధాన్ని ఇంపెడెన్స్ అంటారు. 1886లో ఆలివర్ హెవిసైడ్ పుట్టించిన మాట. లాటిన్‌లో దాని మూలానికి అర్థం కాళ్లకు బంధం వేయడం. అందులోని ‘పెద్’ పాదమే, మన ‘పద’మే. పదచర్చకు కూర్చున్నవాడికి విద్యుత్ శాస్త్రంలో పదం కాళ్లకు చుట్టుకోవడం సంతోషించవలసిన విషయం.

అసలు ఆ 8 నిజమేనా? మల్టీమీటరు పెట్టి చూడండి. ఆరో, ఆరుంబావో చూపిస్తుంది. దుకాణదారుతో తగువుకు వెళ్లకండి. మీటరు కొలిచేది చుట్ట నిరోధాన్ని, రేకు చెప్పేది పాట నడిచేటప్పటి అవరోధాన్ని. ఆ అవరోధం కూడా స్థిరంగా ఉండదు. మృదంగం తొప్ప మోగే కింది పౌనఃపున్యాల్లో ఒకచోట ముప్పై ఓంలు దాటి ఎగురుతుంది, ఇంకోచోట ఆరున్నరకు దిగుతుంది. చెప్పిన అంకెలో 80 శాతానికి తగ్గకుండా ఉంటే చాలని అంతర్జాతీయ ప్రమాణం. అంటే ఎనిమిది 6.4 దాకా కుంగవచ్చు. అందుకే దాన్ని ‘నామినల్’ అన్నారు.

నామినల్‌లో ఉన్నది లాటిన్ నోమెన్, మన నామానికి తోబుట్టువు. నామమాత్రం, పేరుకే ఎనిమిది. ఇదే నామం వైష్ణవుల నుదుటికెక్కి బొట్టయింది, అక్కడినుంచి జారి ‘నామం పెట్టడం’ అయింది. ఆ మూడో అర్థం హైఫై బజారులో బాగా చెల్లుతుంది. మీటరుకు వేలల్లో ధర పలికే కేబుళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ గుర్తుచేస్తాను.

యాంప్లిఫయరుకీ స్పీకరుకీ ‘మ్యాచింగ్’ కుదరాలంటారు. దానికి మన దగ్గర మంచి మాట ఉంది, ఉజ్జీ. ఉద్ది దీనికి తోబుట్టువు. పిల్లలు జట్లు పంచుకునేటప్పుడు సమానబలం గల ఇద్దరూ ఉద్దులు. వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ కావాలని సామెత. వాల్వు యాంప్లిఫయర్ల కాలంలో ఈ సామెత అక్షరాలా నడిచింది. వెనక 4, 8, 16 అని విడివిడి మరలు ఉండేవి. ఎనిమిది ఓంల పెట్టెను ఎనిమిదికే బిగించాలి. లోపలి ట్రాన్స్‌ఫార్మరు పెళ్లిళ్ల పేరయ్యలా ఇరుపక్షాలనూ సర్దేది.

ట్రాన్సిస్టర్లు వచ్చి సామెతను చెడగొట్టాయి. ఇప్పటి యాంప్లిఫయరు సొంత అవరోధం ఓంలో ఇరవయ్యో వంతు ఉండవచ్చు. స్పీకరుది ఎనిమిది. నూట అరవై రెట్ల తేడా, అయినా కాపురం బాగానే సాగుతుంది. ఇక్కడ కావలసింది సమానత్వం కాదు, ఓర్పు: పెట్టె ఎంత కిందికి దిగినా యాంప్లిఫయరు కరెంటు ఇవ్వగలగాలి. ఎనిమిది ఓంలకు 50 వాట్లంటే 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. నాలుగు ఓంలకు అవే 20 వోల్టులకు ఐదు ఆంపియర్లు కావాలి. ఇవ్వగలదో లేదో వెనక రాసి ఉంటుంది, ‘4 నుంచి 16 ఓం’ అనో ‘కనీసం 6 ఓం’ అనో. వాట్ల కోసం వెంపర్లాడేవాళ్లు ఈ చిన్న అక్షరాలు చదవరు. మన ఇళ్ల గదుల్లో మామూలుగా వినే పాటకు సగటున ఒకటి రెండు వాట్లే ఖర్చవుతాయి. మిగతాది దరువు దెబ్బల కోసం దాచుకున్న నిల్వ.

ఇక తీగ. కేబుల్ అనే మాటకు మూలం లాటిన్ కాపులుం, పశువును పట్టి కట్టే తాడు. మనం పలుపు అనేదే. ఇంపెడెన్సు కాలి బంధం, కేబుల్ పలుపు. ఈ విద్యుత్ శాస్త్రమంతా ఏ సంతలోనో పుట్టినట్టుంది.

పలుపు ఎంత లావుండాలి? రాగి తీగ నిరోధం తేలిక లెక్కే. పెట్టె ఐదు మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ పది మీటర్ల తీగ. ఎలక్ట్రీషియన్లు ‘ఒకటిన్నర స్క్వేరు’ అనే వైరైతే సుమారు 0.12 ఓం. ఎనిమిది ఓంల ముందు అది లెక్కలోకి రాదు. అర స్క్వేరు సన్న వైరైతే 0.35 దాకా వస్తుంది. నాలుగు ఓంల పెట్టెకు దాన్ని తగిలిస్తే శక్తిలో ఎనిమిది శాతం వైరే మింగుతుంది. రెండున్నర స్క్వేరు వేస్తే 0.07, ఇంట్లో ఇక ఏ గొడవా లేదు. అంతకు మించి వెండి పూత, పట్టు తొడుగు, తీగకు దిశాబాణాలు అంటూ అమ్మేవాటి విషయంలో పైన చెప్పిన మూడో నామం తలుచుకోండి. తీగ లావు చూడండి, ఎర్ర మర ఎర్రదానికే బిగించండి, చివర్ల పోగులు ఒకదానికొకటి తగలనివ్వకండి. ఆ చివరిదానికి మించిన ప్రమాదం లేదు. పోగులు తాకితే అవరోధం సున్నా.

తెలుగులో తీగ అంటే లతా, లోహపు తీగా, వీణ తీగా. సంస్కృతంలోంచి వచ్చిన తంతి కూడా వీణ తీగే. టెలిగ్రాఫు వచ్చినప్పుడు వేరే మాట వెతక్కుండా దాన్నీ తంతి అన్నారు, తంతి తపాలా శాఖ అన్నారు. ఆ తంతి 2013 జులైలో ఆగిపోయింది. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనసమానుతో వీణలు చేసేవాళ్ల తంతి ఆగలేదు. అక్కడ ఒకే మానులో దొలిచిన వీణ ఏకాండి. తంతులు ఆని నిలిచేది గుర్రం. ఆ గుర్రం చేసే పని ఉజ్జీ కుదర్చడమే. సన్నని తీగ తనంతట గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కంపనం గుర్రం మీదుగా వీణ పలకకు దిగితే, పలక వెడల్పుగా గాలిని తోస్తుంది. గుర్రం బరువు మారినా వంపు మారినా నాదం మారుతుంది. ఓం అనే మాట వినని వడ్రంగి చెవితో అవరోధం సరిచేస్తున్నాడు.

తంతికి ధాతువు ‘తన్’, సాగదీయడం. గ్రీకులో అదే మూలం నుంచి తోనోస్, లాగి బిగించడం. దాన్నుంచి ఇంగ్లీషు టోన్. మన తానం ఆ ధాతువుదే. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి అధ్యక్షుడిగా పొందిన విజయనగరం సంగీత కళాశాలలో వీణ మీద తానం సాధన చేసేవాడూ, యాంప్లిఫయరు ముందు టోన్ మర తిప్పేవాడూ ఒకే ధాతువును సాగదీస్తున్నారు. ఖరీదైన హైఫై యాంప్లిఫయర్లలో కొన్నింటికి టోన్ మరలే ఉండవు, శుద్ధత చెడుతుందట. మన వైపు పెళ్లి పందిట్లో బాస్ మర ఎటూ చివరిదాకా తిప్పేసే ఉంటుంది కాబట్టి, అదీ లేనట్టే లెక్క.