డబ్బింగు లేని యాభై ఏళ్ళు

నేను సినిమా పండితుణ్ణి కాను. కామర్సు చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళకు పైగా జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. నెలకో రెండు నెలలకో ఒక సినిమా చూస్తాను. నచ్చితే నచ్చిందంటాను, నచ్చకపోతే టికెట్టు డబ్బు దండగ అంటాను. అంతకు మించిన అర్హత నాకు లేదు. అయినా ఇది రాయడానికి కారణం మా అబ్బాయి అడిగిన ఒక ప్రశ్న.

వాడు మారతహళ్ళిలో ఉంటాడు. సాఫ్టువేరు ఉద్యోగం. 2024 డిసెంబరులో 'పుష్ప 2' విడుదలైనప్పుడు ఒక ఆదివారం నన్ను తీసుకువెళ్తానన్నాడు. సెల్‌ఫోనులో సీట్లు వెతుకుతూ, "నాన్నా, తెలుగులో చూద్దామా, కన్నడలో చూద్దామా? కన్నడ ఆటకైతే సీట్లు బాగున్నాయి" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. నా వయసులో ఉన్నవాళ్ళని బెంగళూరులో ఎవరూ అడగని ప్రశ్న అది. తెలుగు సినిమా అంటే తెలుగులోనే చూడాలి, కన్నడ సినిమా అంటే కన్నడంలోనే చూడాలి. మూడో దారి లేదు. ఎందుకు లేదు, లేకపోవడం వల్ల మనకు వచ్చిందేమిటి, పోయిందేమిటి అని ఆ రాత్రి కూర్చుని లెక్క తీశాను.

తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. కన్నడ మొదటి టాకీ 'సతీ సులోచన' 1934లో వచ్చింది. మొదటిది బొంబాయిలో తీశారు, రెండోది కొల్హాపూరులో. తర్వాత ఇద్దరి మకామూ మద్రాసే అయింది. ఒకే స్టూడియోలు, ఒకే వాద్యగాళ్ళు. అప్పట్లో ఈ రెండు భాషలకు మధ్య గోడలు లేవు. రాజ్‌కుమార్ కథానాయకుడుగా 1954లో వచ్చిన 'బేడర కన్నప్ప'ను అదే ఏడు 'కాళహస్తి మహాత్యం'గా తెలుగులో తీస్తే తిన్నడుగా ఆయనే నటించారు. ఆయనకు ఎన్నో ఏళ్ళు గొంతు అరువిచ్చిన పి.బి. శ్రీనివాస్ మన కాకినాడ మనిషి. మనం జానపద బ్రహ్మ అని పిలుచుకునే విఠలాచార్య ఉడుపి వైపు నుంచి వచ్చి, కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో స్థిరపడ్డవారు. అప్పు ఎవరు ఎవరికి ఎంత ఉన్నారో ఏ ఆడిటరూ తేల్చలేడు.

కాని వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి లెక్క ఒక పక్కకే మొగ్గింది. కన్నడంలో ఏడాదికి తీసే సినిమాలు కొద్ది. బెంగళూరు కెంపేగౌడ రోడ్డు హాళ్ళలో తమిళ, తెలుగు, హిందీ సినిమాల రాజ్యం. కొత్త సినిమా తీసే ఖర్చులో చిన్న భాగంతో పరభాషా చిత్రానికి కన్నడ మాటలు అతికించి వదలవచ్చు. అలా వదిలితే కన్నడ నటులకు, రచయితలకు, పనివాళ్ళకు కూడు దొరకదు. తమ రాజధానిలోనే తాము పరాయివాళ్ళమయ్యామన్న బాధతో రచయిత అ.న. కృష్ణరావు గారి వంటివారు 1960 తర్వాత ఉద్యమం చేశారు. రాజ్‌కుమార్ వంటి నటులు వారితో నిలబడ్డారు. 1965లో మన 'మాయాబజార్' కన్నడ మాటలతో వచ్చింది. ఆ తర్వాత డబ్బింగు సినిమాలు రావడం ఆగిపోయింది. దానికి చట్టం లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. పరిశ్రమ పెట్టుకున్న కట్టుబాటు మాత్రమే. ఆ కట్టుబాటు యాభై ఏళ్ళు నిలిచింది.

ఇక్కడే నాకు ఒక విచిత్రం కనబడుతుంది. కన్నడాన్ని కాపాడుకోవడానికి వేసిన ఆ కంచె, ఎవరూ ఉద్దేశించకుండానే, కర్ణాటకలోని మన తెలుగును కూడా కాపాడింది.

నా సంగతే చెబుతాను. నేను కోలారు జిల్లాలో పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నాకు తెలుగు అక్షరాలు నేర్పిన పంతులు లేడు. గోడమీది సినిమా పోస్టర్లు నేర్పాయి, హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు నేర్పాయి. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగు అక్షరాలు దాయాదుల వంటివి. తలకట్టు దగ్గర కాస్త తికమక, అంతే. పోస్టరు మీద ఎన్.టి.ఆర్. బొమ్మ ఉంటే కింద అక్షరాలు ఏమిటో ముందే తెలుసు కనుక కూడబలుక్కుని చదివేవాణ్ణి. 2011 జనగణనలో ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి ఆరుగురికి కొంచెం తక్కువ. వారిలో నావలె చదవడం నేర్చినవారు ఎంతోమంది ఉంటారు. మనకు సినిమా హాలంటే వినోదం ఒక్కటే కాదు. నలుగురి మధ్య తెలుగు బిగ్గరగా వినిపించే చోటు అది.

అందుకే బయట ఉన్న తెలుగువాడి సినిమా తూకం వేరు. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవాడికి వీధిలోనూ తెలుగు వినబడుతుంది కనుక తెరమీద అది ఎలా ఉన్నా సరిపెట్టుకుంటాడు. మనం అలా సరిపెట్టుకోలేము. నేను ఏ సినిమానైనా మాట దగ్గరే తూస్తాను. ఆ తూకంతో నాకు తోచింది మొహమాటం లేకుండా చెబుతాను.

'మాయాబజార్' 1957 నాటిది. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. నాకు నలుపు తెలుపులదే ఇష్టం. రంగులున్నా లేకపోయినా ఆ సినిమా ప్రాణం పింగళి నాగేంద్రరావు గారి మాటల్లో ఉంది. 'అసమదీయులు', 'తసమదీయులు' అని రాక్షసుల చేత కొత్త మాటలు పుట్టించి, వాటిని నిఘంటువులో మాటలకన్నా ఎక్కువగా జనం నోట నిలిపారు. ఇటువంటి సినిమాను ఇంకో భాషలోకి దించితే కథ దిగుతుంది, ఆ నవ్వు దిగడం కష్టం. నా లెక్కలో ఇది పూర్తిగా జమ పక్కనే.

'మరో చరిత్ర' 1978లో వచ్చింది. బాలచందర్ దర్శకుడు. తమిళ కుర్రాడు, తెలుగు పిల్ల, విశాఖపట్నం సముద్రం. అది మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తెలుగు రాని జనం దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు దగ్గరవడం కథ అయినప్పుడు, భాష రాకుండా చూడటమే సరైన చూపు అయిందేమో! సరిహద్దు జిల్లాల్లో పుట్టిన మనకు ఈ సినిమా కథ కాదు, పక్కింటి సంగతి. కాని దాని ముగింపు మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వేరు భాషల పిల్లలు పెళ్ళాడితే కొండ మీంచి పడి చావాలా? మన వీధుల్లో అటువంటి దంపతులు హాయిగా కాపురాలు చేసుకుంటూ, పిల్లలతో రెండు భాషల్లోనూ తిట్లు తింటూ ఉన్నారు. కన్నీళ్ళ కోసం నిజాన్ని వదిలేశారు.

'శంకరాభరణం' 1980లో చూశాను. అప్పుడు నాకు పదమూడేళ్ళు. శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు సినిమా తార కాదు, ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరు. మా ఊళ్ళో దాన్ని చూసినవాళ్ళలో కన్నడిగులూ సమానంగా ఉండేవారు. పురందరదాసునీ త్యాగయ్యనీ కలిపి వినే చెవులకు సంగీతానికి తర్జుమా అక్కరలేదు. దాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట అంటాను. పాత సంగీతాన్ని గొప్పచేయడానికి కొత్త పాట పాడే కుర్రాళ్ళందరినీ వెర్రివాళ్ళుగా చూపక్కరలేదు. ఆ సన్నివేశానికి అప్పట్లో చప్పట్లు కొట్టాను. ఇప్పుడు మా అబ్బాయి చెవిలో ఎప్పుడూ ఏదో పాట మోగుతుంటే, వాడు వెర్రివాడు కాదని నాకు తెలుసు.

'ఘరానా మొగుడు' 1992లో వచ్చింది. అప్పటికి నేను బ్యాంకులో కొత్తగా చేరినవాణ్ణి. తోటి ఉద్యోగి ఒక కన్నడిగుడు నాతో వచ్చి, బయటికి వచ్చాక నవ్వుతూ "ఇది మా కథే" అన్నాడు. నిజమే. రాజ్‌కుమార్ 1986లో చేసిన 'అనురాగ అరళితు'కు ఇది తెలుగు రూపం. చిరంజీవి హుషారుకు ఆ రోజు నేనూ ఈల వేశాను. కార్మికుల పక్షాన నిలబడే మనిషి కథ వరకు బాగుంది. డబ్బున్న భార్య పొగరు అణచడమే మగతనమని చూపిన భాగం మాత్రం ఏ భాషలో తీసినా తప్పే. ఈల వేసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ ముద్రతో తర్వాత పదేళ్ళు ఎన్ని సినిమాలు అచ్చు గుద్దారో పాఠకులకు తెలుసు.

ఆ కాలమంతా కంచె నిలిచే ఉంది. పైగా కన్నడ చిత్రాలకు వినోదపు పన్ను మినహాయింపు, మిగతా వాటికి పన్ను. 2004లో కన్నడేతర చిత్రాలు విడుదలైన ఏడు వారాల తర్వాతే ఇక్కడ వేయాలని కన్నడ పరిశ్రమ పట్టుబట్టింది. మనవాళ్ళు అప్పుడు చిరాకుపడ్డారు. మారతహళ్ళిలో తులసి థియేటరు ముందు తెలుగు సినిమాల కోసం మూగే కుర్రాళ్ళకు ఏడు వారాలంటే ఏడు జన్మలు. నాకూ కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, సొంత ఇంట్లో జాగా చాలనివాడు తలుపు దగ్గర గట్టిగా నిలబడటంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది.

2015 జూలైలో భారత పోటీ కమిషన్ ఆ కట్టుబాటు పోటీకి విరుద్ధమని తీర్పు చెప్పి, కర్ణాటక ఫిలిం చాంబరుకూ మరికొన్ని సంస్థలకూ జరిమానా వేసింది. 2017 మార్చిలో అజిత్ తమిళ చిత్రం ఒకటి 'సత్యదేవ్ ఐపీఎస్' పేరుతో కన్నడంలో వచ్చింది. అదే జూలైలో జీఎస్టీ వచ్చి వినోదపు పన్ను పోయింది. కామర్సు చదివినవాడిగా ఆ తీర్పు సబబే అన్నాను, ఇప్పటికీ అంటాను. తెలుగు రాని కన్నడిగుడికి తన భాషలో సినిమా చూసే హక్కు ఎందుకు ఉండకూడదు? కాని కంచె తీసినప్పుడు దాని నీడన పెరిగిన మన మొక్క సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

'బాహుబలి' రెండు భాగాలూ, 2015లోనూ 2017లోనూ, కన్నడ డబ్బింగు లేకుండానే ఇక్కడి హాళ్ళు నింపాయి. తీసిన రాజమౌళి పుట్టింది రాయచూరు జిల్లాలో. కోటలు, యుద్ధాలు, జలపాతం, అన్నీ మెచ్చుకోదగినవే. మాట సంగతి అడిగితే మాత్రం, నాకు బాగా గుర్తున్నది కాలకేయుడి కిలికి భాష. 'మాయాబజార్'లో రాక్షసులు పుట్టించిన మాటలు తెలుగులో కలిసిపోయాయి. ఇక్కడ రాక్షసుడు పుట్టించిన భాష తెలుగునే వెనక్కి నెట్టింది. దేశమంతటికీ అమ్మాలని ముందే అనుకుని తీసే సినిమాల్లో మాట పలచబడుతుంది. ఎక్కడికైనా సులువుగా మోసుకుపోవాలంటే సామాను తేలికగా ఉండాలి కదా.

అయితే డబ్బింగు వల్లనే మాట చెడుతుందని అందామంటే 'పుష్ప' ఒప్పుకోనివ్వదు. 2021లో వచ్చిన ఆ మొదటి భాగం చిత్తూరు యాసను నెత్తిన పెట్టుకుని ఐదు భాషల్లో వెళ్ళింది. ఈడ, ఆడ, యాడ అనే మాట మా కోలారు ఇళ్ళలో మాట. తెరమీద ఇన్నేళ్ళూ అది నౌకరు వేషాలకీ నవ్వు వేషాలకీ పరిమితం. కథానాయకుడి నోట వినేసరికి ఒళ్ళు పులకరించింది. ఆ వేషానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది చిత్రాలకు అదే బహుమతి కన్నడ 'కాంతార'కు రిషబ్ శెట్టికి వచ్చింది. అదీ ఒక మూల నేల మాటతో, ఆచారంతో తీసినదే. వేరు లోతుగా ఉంటే కొమ్మ ఎంత దూరమైనా పోతుందని రెండూ రుజువు చేశాయి.

'పుష్ప'లో నాకు నచ్చనిదీ చెప్పాలి. ఎర్రచందనం దొంగను దేవుణ్ణి చేశారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి కూలికి వచ్చినవారు. చెట్టు నరికేవాడు ఒకడు, చచ్చేవాడు కూడా వాడే, లాభం తినేవాడు వేరొకడు. సినిమా ఆ కూలివాడితో మొదలై, సిండికేటు కుర్చీ దొరకగానే వాణ్ణి మరిచిపోయింది. ఆ యాసను గౌరవించినంతగా ఆ మనిషిని గౌరవించి ఉంటే ఇంకా గొప్ప సినిమా అయ్యేది.

ఇక మా అబ్బాయి ప్రశ్న. వాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. తప్పు వాడిది కాదు. వాడు పెరిగే కాలానికి గోడమీది పోస్టర్లు పోయి సెల్‌ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. కూర్చోబెట్టి నేర్పవలసిన నేను బ్యాంకు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చేవాణ్ణి. సినిమా నేర్పుతుందిలే అనుకున్నాను, నాకు నేర్పింది కదా అని. ఖర్చు పక్కన రాయవలసిన పద్దు అదొక్కటీ నాదే. దాన్ని డబ్బింగు మీదికి నెట్టలేను.

"తెలుగులోనే చూద్దాం, సీట్లు ముందు వరసలో అయినా పరవాలేదు" అన్నాను. చూశాం. మెడ నొప్పి పుట్టింది. సినిమా అవసరానికి మించి పొడుగు. తిరిగి వస్తూ వాడు నాలుగు మాటలకు అర్థం అడిగాడు. మూడింటికి చెప్పాను. నాలుగో మాట నాకూ తెలియదు. ఇంటికి వచ్చి మా అమ్మను అడిగితే, "అదేందిరా, అది మన ఇంట్లో మాటే కదా, మీ తాత అనేవాడు" అంది.

మరుసటి ఆదివారం వాడు రూళ్ళ పుస్తకం ఒకటి కొని తెచ్చాడు. 'అ' దగ్గర మొదలుపెట్టాం. కన్నడ అక్షరాలు వచ్చినవాడు కనుక తలకట్టు దగ్గరే తికమకపడుతున్నాడు.