అరటిపువ్వు: చరిత్ర, శాస్త్రం, వంట

మధ్యధరా సముద్రతీర దేశాలలో ఆర్టిచోక్ అనే ముళ్ళమొక్కను పెరళ్ళలో పెంచుతారు. దాని మొగ్గను విచ్చకముందే కోసి, పై రేకులను ఒలిచి, లోపలి మెత్తని భాగాన్ని వండుకొని తింటారు. ఒలిచి పారవేసేది ఎక్కువ, తినేది తక్కువ. కోసినచోట నల్లబడకుండా నిమ్మరసం రాస్తారు. పూమొగ్గను కూరగా వండుకోవడం ఆ దేశాలవారికే చెల్లిన విద్య కాదు. గోదావరి డెల్టాలో అరటిపువ్వు కూర ఎరుగనివారు అరుదు. ఈ రెండు మొక్కలకు బంధుత్వం ఏమీ లేకపోయినా, రెండు వంటిళ్ళూ ఎదుర్కొన్న చిక్కు ఒక్కటే, కనిపెట్టిన ఉపాయమూ ఇంచుమించు ఒక్కటే.

అరటి చెట్టు నిజానికి చెట్టు కాదు. బోదెగా కనిపించేది ఒకదానినొకటి చుట్టుకొన్న ఆకుల మొదళ్ళే. భూమిలోని దుంపనుండి పూకాడ బయలుదేరి, బోదె నడుమ దవ్వగా పైకి సాగి, చివరకు ఎర్రని దొప్పలతో కూడిన మొగ్గగా బయటకు వస్తుంది. ఒక్కొక్క దొప్ప లేచినప్పుడు దాని కింద వరుసగా పూలు కనిపిస్తాయి. మొదట విచ్చిన వరుసలలోనివి ఆడపూలు. ఇవే అత్తాలుగా మారి గెల అవుతాయి. ఆ తరువాతి వరుసలలోనివి మగపూలు. వీటికి కాయ కట్టే శక్తి లేదు. అంగడిలో మనం కొనే అరటిపువ్వు ఈ మగపూల మొగ్గయే. అత్తాలు ఏర్పడిన తరువాత రైతు దానిని కోసివేస్తే గెలకు నష్టం లేదు. పైగా ఆ పోషణ కాయలకు దక్కుతుంది. కూర వండుకొన్నవారు పంటను తగ్గించినవారు కారన్నమాట.

ఐరోపా శాస్త్రజ్ఞులకు ఈ మొక్క చాలాకాలం అపురూపంగానే ఉండేది. స్వీడను దేశీయుడైన లినేయస్ 1736లో హాలెండులోని ఒక ధనికుని తోటలో, వేడిచేసిన గాజుగృహంలో అరటి పూచేట్లు చేసి, దానిపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. 1753లో అతడు అరటికి పెట్టిన జాతిపేరు నిజమైన జాతికి చెందినది కాదనీ, అది ఒక సంకరమనీ తరువాత తేలినది. 1955లో సిమండ్స్, షెపర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సాగులోని అరటి రకాలలో అధికభాగం రెండు అడవి జాతులనుండి పుట్టినవని విశదం చేశారు. మ్యూసా అక్యుమినేటాకు ‘ఏ’ అనీ, మ్యూసా బాల్బిసియానాకు ‘బి’ అనీ గుర్తులు పెట్టారు. ఈ లెక్కన మన కర్పూర చక్కెరకేళి, అమృతపాణి ‘ఏఏబి’ వర్గానివి. కూరకు వాడే బొంత ‘ఏబిబి’ వర్గానిది.

ఈ రకాలలో క్రోమోజోముల సముదాయాలు జంటగా కాక మూడేసిగా ఉండడంవల్ల, కణవిభజనలో క్రోమోజోములు సమంగా పంచుకోబడవు. అందుచేత విత్తనాలు ఏర్పడవు. ఫలదీకరణ లేకుండానే కాయ కడుతుంది. మొక్క సంతానం పిలకల ద్వారానే సాగుతుంది. న్యూగినీ ద్వీపంలోని కుక్ అనే చిత్తడినేలలో సుమారు 6,500 ఏళ్ళనాడే అరటిని సాగుచేసిన గుర్తులు దొరికినట్లు 2003లో వెల్లడైనది. నాటినుండి నేటివరకు అరటి ఒక చేతినుండి మరొక చేతికి పిలకగా అందుతూ వచ్చినది.

గోదావరి తీరంలో ఒండ్రు పేరిన లంకలు అరటికి అనువైన నేలలు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు డెల్టాకు నిలకడగా నీరందించాయి. నేడు రావులపాలెం అరటిగెలల వ్యాపారానికి పేరుపొందిన కేంద్రం.

ఇక వంట సంగతి. అరటిజిగురు అంటకుండా చేతులకు నూనె రాసుకొని, ముదురు దొప్పలు తీసివేసి, ఒక్కొక్క పువ్వులోని గట్టి కీలాన్ని, పలుచని పొరను లాగివేయాలి. కీలం ఉడికినా మెత్తబడదు. తరిగిన ముక్కలను వెంటనే పసుపు కలిపిన మజ్జిగలో వేస్తారు. పువ్వులో వగరునిచ్చే టానిన్లు, వాటివంటి పాలీఫినాల్ పదార్థాలు ఉన్నాయి. కత్తి పడగానే కణాలు చిట్లి, లోపలి ఎంజైము గాలిలోని ఆక్సిజను సాయంతో వాటిని నల్లని పదార్థంగా మారుస్తుంది. మజ్జిగలోని పులుపు ఆ ఎంజైమును మందగింపజేస్తుంది. ఆర్టిచోక్‌కు రాసే నిమ్మరసం చేసే పనీ ఇదే. మజ్జిగ అదనంగా మరొక మేలు చేస్తుంది: అందులోని మాంసకృత్తులు టానిన్లను పట్టుకొని వగరును తగ్గిస్తాయి.

ముక్కలను ఉడికించి, పిండి, చింతపండు రసంతో పోపులో మగ్గించిన తరువాత ఆవ పెడతారు. ఆవాలను నీటితో నూరినప్పుడే అందులోని సినిగ్రిన్‌పై మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి ఘాటైన నూనెను పుట్టిస్తుంది. వేడి ఎంజైమును చంపుతుంది. ఘాటును ఆవిరిగా పోగొడుతుంది. కనుకనే పొయ్యి దించి, కూర చల్లారిన తరువాత ఆవముద్ద కలపవలెనని పెద్దలు చెబుతారు. మిరపకాయ అమెరికానుండి పోర్చుగీసువారి రాకతో వచ్చిన పంట. అంతకుముందే మన వంటకు ఘాటునిచ్చినవాటిలో ఆవాలు, మిరియాలు ఉన్నాయి.

విత్తనం లేని పంటకు ఒక ప్రమాదమున్నది. పిలకలన్నీ ఒకే అచ్చు కనుక, ఒకదానికి వచ్చిన తెగులు అన్నిటికీ వస్తుంది. గ్రోస్ మిషెల్ అనే ఎగుమతి రకం పనామా తెగులువల్ల 1960 ప్రాంతానికి వ్యాపారంనుండి తొలగిపోగా, దాని స్థానంలో కావెండిష్ వచ్చినది. ఇప్పుడు కావెండిష్‌నూ చంపే కొత్త పనామా తెగులు బయలుదేరినది. అది బీహారు తోటలలో కనిపించినట్లు 2019లో ప్రకటించారు. ఇటువంటప్పుడు రకరకాల అరటి ఉండడమే రైతుకు రక్ష. అయితే నాటేవారు మానిన రకం విత్తుగా ఎక్కడా మిగిలి ఉండదు. పెరటిలో బొంత అరటి నిలవాలంటే దాని కాయను, పువ్వును, దవ్వను కోరే వంటిల్లు కూడా ఉండాలి.

ఉపాధ్యాయులు ఒక అరటిపువ్వును తరగతికి తెప్పించి, దొప్పలు విప్పి, మగపూల భాగాలను విద్యార్థులచేత గుర్తింపజేయవచ్చును. తరిగిన ముక్కలను కొన్ని ఒట్టి పళ్ళెంలో, కొన్ని నీటిలో, కొన్ని మజ్జిగలో వేసి, అరగంట తరువాత మూడింటి రంగులనూ పోల్చమనండి. ప్రతి ఇంటి పెరటిలో ఉన్న అరటి రకాల పేర్లను విద్యార్థులచేత వ్రాయించి పట్టిక తయారుచేస్తే, ఆ ఊరిలో ఏ రకం ఇంకా మిగిలి ఉన్నదో తెలిసిపోతుంది.