పారవేయబోయిన మందు

దిగులూ కంగారూ మనిషికి కొత్త కాదు. వాటికి డాక్టరు రాసిచ్చే మాత్ర మాత్రం అంత పాతది కాదు. 1903లో బార్బిటాల్ 'వెరోనాల్' పేరుతో బజారుకు వచ్చింది. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది. ఇవి నిద్ర పట్టించేవి. కాని నిద్రపట్టించే మోతాదుకూ, ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. పొరపాటున ఎక్కువ మింగినవారూ, కావాలని మింగినవారూ ఎందరో చనిపోయారు.

అంతకంటె క్షేమమైన మందు లియో స్టెర్న్‌బాక్ చేతి మీదుగా వచ్చింది. 1908లో పుట్టిన ఈ యూదు రసాయన శాస్త్రవేత్త స్విట్జర్లండులో హాఫ్‌మన్ లా రోష్ కంపెనీలో చేరి, 1941లో అమెరికాలోని న్యూజెర్సీకి తరలివెళ్ళాడు. అక్కడ ఆయన తయారుచేసిన పదార్థాలు వరుసగా పనికిరావని తేలాయి. కంపెనీ ఆయన్ను వేరే పనికి మళ్ళించింది. 1957లో బల్లలు శుభ్రం చేస్తుండగా, పరీక్షకు పంపకుండా ఉండిపోయిన ఒక పదార్థం సహోద్యోగి ఎర్ల్ రీడర్ కంటపడింది. పారవేయకుండా దాన్ని పరీక్షకు పంపారు. అదే 1960లో 'లిబ్రియం' అయింది. 1963లో దాని తమ్ముడు 'వాలియం', అనగా డయాజిపామ్, వచ్చింది. 1969 నుండి 1982 వరకు అమెరికాలో అన్ని మందులకన్న ఎక్కువగా అమ్ముడుపోయింది ఇదే.

విచిత్రమేమంటే, ఇది మెదడులో ఎక్కడ పనిచేస్తుందో 1977లో గాని తెలియలేదు. నాడీకణాల ఉద్రేకాన్ని అణచడానికి మెదడులోనే గాబా అనే పదార్థం ఉంది. ఈ మందు గాబా పని తాను చేయదు, గాబా చేసే పనికి బలమిస్తుంది. అందుకే ఒంటరిగా మింగితే బార్బిటాల్ అంత ప్రాణాంతకం కాదు. సారాతోనో, నల్లమందు జాతి నొప్పి మందులతోనో కలిస్తే మాత్రం ఊపిరి ఆగిపోవచ్చు.

ఆ ఊపిరికి కాపలా నర్సుదే. నరానికి ఇచ్చే సూదిమందును నెమ్మదిగా ఎక్కించాలి, శ్వాసను లెక్కపెడుతుండాలి, వృద్ధులు మంచం దిగి పడిపోకుండా చూడాలి. విరుగుడుగా ఫ్లుమాజెనిల్‌ను అమెరికాలో 1991లో అనుమతించారు. కాని ఏళ్ళ తరబడి ఈ మాత్రలకు అలవాటుపడిన రోగికి ఆ విరుగుడే ఫిట్స్ తెప్పించవచ్చు. కనుక రోగి ఇంటివద్ద ఏమి మింగుతున్నాడో ముందే అడిగి రాసుకోవడం లాంఛనం కాదు.

ఈ అలవాటు సంగతి 1979లో అమెరికన్ సెనేట్ విచారణ దాకా వెళ్ళింది. మనవాళ్ళకూ ఇది దూరపు కథ కాదు. తెలంగాణలో కల్తీకల్లులో డయాజిపామ్, ఆల్ప్రజోలం కలిపేవారు. 2015లో కల్తీకల్లు దొరకక వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులతో ఎందరో ఆసుపత్రులపాలయ్యారు. వాళ్ళలో చాలామందికి తాము మింగుతున్నది మాత్రల మందని కూడా తెలియదు.

2014 మార్చి నుండి మన దేశంలో ఈ మందులు అమ్మే దుకాణదారు డాక్టరు పేరూ, రోగి పేరూ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. రిజిస్టరు దుకాణం వరకే కాపలా కాస్తుంది. ఇంట్లో కాపలా మనదే. పాత చీటీతో మళ్ళీ కొనవద్దు. పక్కింటివారికి పంచవద్దు. అలవాటైన మాత్రను ఒక్కరోజులో మానవద్దు, డాక్టరు చెప్పిన ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.