కుందూ యొడ్డున బడిగంట

ఎఱ్ఱమలల వానలను, నల్లమల వాగుల నీటిని తనలో కలుపుకొని, నంద్యాల, కోవెలకుంట్ల సీమల నల్లరేగడి నడుమ సాగి, కడప జిల్లాలో కమలాపురము చెంత పెన్నలో కలియు కుందూనది ఉయ్యాలవాడ ప్రాంతమునకు జీవనాధారము, భయహేతువును అదియే. ఈ ఊరి పేరు విన్నంతనే 1847 ఫిబ్రవరి 22వ తేదీని కోవెలకుంట్లలో ఉరికొయ్య నెక్కిన నరసింహారెడ్డియు, కరవు కాలమున వేలమంది అన్నార్తులను ఆదుకొనిన బుడ్డా వెంగళరెడ్డియు స్మృతికి వచ్చుట సహజము. కాని వీరగాథలలో గాని దానగాథలలో గాని చోటు దొరకని చరిత్ర మఱియొకటి ఈ సీమకు కలదు. వరద తీసిన పిదపనో, జ్వరము లణగిన పిదపనో, బడి తిరిగి తెరచునాడు, బిడ్డను పంపవలెనా వలదా యని తల్లిదండ్రుల నడుమ ఇంటింట పుట్టెడు వాదముయొక్క చరిత్ర యది.

పూర్వము వీధిబడుల కాలమున ఈ వాదమునకు అవకాశము తక్కువ. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దొర విద్యాస్థితిని విచారింప నుత్తరువిచ్చినపుడు, పొరుగునున్న బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికనుబట్టి ఆనాటి బడుల స్వరూపము మనకు తెలియుచున్నది. వేకువనే అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతీ నామమును వ్రాసి గౌరవించెడివారట. ఏ గృహస్థుని అరుగుమీదనో, ఏ గుడి మండపముననో నడచెడి ఆ బడి గోడ యెట్లున్నదో, బావినీరు తీపో ఉప్పో ఊరందరికిని తెలియును. బడి సర్కారు కట్టడమైన తరువాత చోటు మంచిదని నిర్ణయించువారు వేరు, ఆ చోటికి బిడ్డను పంపువారు వేరు అయిరి. ఈ ఎడబాటునుండియే వాదము పుట్టినదని నా అభిప్రాయము.

నల్లమల పాదమునగల పల్లెలు మలేరియాకు పెట్టినది పేరు. సుంకేసుల వద్ద తుంగభద్ర కడ్డముగా ఆనకట్ట కట్టి, కుందూ లోయ వెంబడి కడప వరకు కాలువను మద్రాసు ఇరిగేషను కంపెనీ త్రవ్వించిన 1863-70 నాటికి, చలిజ్వరము చెడుగాలివలన వచ్చునో, చెడునీటివలన వచ్చునో లోకమున ఎవరికిని తెలియదు. 1897 ఆగష్టు 20వ తేదీని సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొనుదాక అది ఊహాగోచరమే. కారణ మెరుగని భయమునకు భార్యాభర్తలు చెరియొక కారణము కల్పించుకొనుటలో వింత యేమున్నది?

వరద కారణము కంటికి కనబడును. దాని శేషము మాత్రము కనబడదు. నల్లరేగడి నేల తడిసిన ఉబ్బును, ఆరిన కుంచించుకొని నెరెలు విచ్చును. దానితో పునాదులు కదలి గోడలు బీటలువారును. 2019 సెప్టెంబరు మూడవ వారమున మహానంది క్షేత్రము జలమయమై, కుందూ పొంగి, నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో పెక్కు పల్లెలకు రాకపోకలు నిలిచిన తరువాత గాని, అటువంటి ఏ వరద తరువాత గాని, ఈ పల్లెల వాకిళ్లలో వినవచ్చు మాటలు దాదాపు ఒక్కతీరువే. "వానలు వెలిసి నాలుగు దినాలైతాంది. ఎన్నాళ్లని ఇంట్లో కూసోబెడతావు? నా మాదిరి కూలికి పోవాల్నా వాడు?" అని తండ్రి. "బోరింగు నీళ్లు ఇంగా వాసనొస్తాండాయి. గోడ మీద పడితే వాన్ని నువ్వు తెచ్చిస్తావా?" అని తల్లి. ఈ ఇరువురిలో ఒకరిని మూర్ఖులని, మఱియొకరిని పిరికివారని తీర్పు చెప్పువారు మాటనే విందురు గాని దాని వెనుకనున్న అనుభవమును వినరు. కరవుసీమలో చదువు తప్పిన బ్రతుకెట్లుండునో తండ్రి ఎరుగును. బిడ్డ వాంతులతో విరేచనములతో సొమ్మసిల్లిన రాత్రి యెట్లుండునో తల్లి ఎరుగును.

2020లో ఈ వాదము మఱింత తీవ్రమయ్యెను. మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రలోనున్నవారి ప్రాణములు తీసెను. లాక్‌డౌనుచే మూతపడిన ఆ కర్మాగారమును తిరిగి నడిపింప సన్నాహములు జరుగుచున్న సమయమున ఆ ఘోరము సంభవించెను. జూన్ 27వ తేదీని నంద్యాలలోనే ఎస్పీవై ఆగ్రో కర్మాగారమున అమ్మోనియా వెలువడి ఒక ప్రాణము పోయెను. చాలదినములు మూసియుంచినదానిని తెరచునపుడు లోపల ఏమి మారియున్నదో మొదట చూడవలెనను ఎరుక జనులకు ఇంత వెలకు లభించినది. కరోనాచే మూతపడిన బడులు నవంబరు 2వ తేదీనుండి క్రమముగా తెరచినపుడు తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన సమ్మతి కోరబడెను. సమ్మతి నడుగుట మంచిదే. అయినను సంతకము భయమును మాన్పదు.

ఈ దుఃఖము మన ఒక్కరిదే కాదు. 2011లో ఫుకుషిమా అణుకర్మాగార ప్రమాదము తరువాత జపాను ప్రభుత్వము బడుల ఆటస్థలములకు ఏడాదికి 20 మిల్లీసీవర్టుల వికిరణ మోతాదు వరకు సమ్మతమని ప్రకటింపగా తల్లిదండ్రులు రాజధానికి పోయి నిలదీసిరి. మే నెలాఖరుకు ప్రభుత్వము దానిని 1కి తగ్గించుటయే తన లక్ష్యమని ఒప్పుకొనెను. బడుల ఆవరణలలో పైమన్ను గీచి తీసిరి. అయినను ఎన్నో ఇండ్లలో తండ్రి ఉద్యోగమునకై అక్కడనే నిలువ, తల్లి బిడ్డలతో దూరప్రాంతమునకు తరలిపోయెను. కొలతలలో అంతటి నేర్పరులైన జనులకే, కొలత తమ యెదుట జరిగినపుడు గాని నమ్మిక కలుగలేదు.

మనకు చట్టము లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రతి సర్కారు బడికిని యాజమాన్య కమిటీ నేర్పరచి, అందు ముప్పాతికమంది తల్లిదండ్రులే ఉండవలెననియు, సగము మంది స్త్రీలై ఉండవలెననియు విధించినది. అనగా వాకిట వాదించు ఆ తల్లికి బడిలో ఆసనమున్నది. నీటి పరీక్షయు దుర్లభము కాదు: మందు వేసిన చిన్నసీసాలో బోరింగు నీరు పోసి ఒకటి రెండు దినములుంచిన, అందు మలసంబంధమైన కల్మషమున్నచో నీరు నల్లబడును. చదువురాని అవ్వ సైతము దానిని చదువగలదు.

కనుక ఉయ్యాలవాడ సీమలోని ప్రధానోపాధ్యాయులకు నా విన్నపము: ఈసారి కుందూ పొంగి తీసిన తరువాత, గంట కొట్టుటకు ముందు తల్లులను తండ్రులను బడికి పిలువుడు, గోడలను వారిచేత తట్టి చూపింపుడు, నల్లబడని ఆ సీసాను తల్లుల చేతిలో పెట్టుడు. నల్లబడినచో గంట కొట్టకుడు.